వాచీ కింద నల్లతాడు

ఇప్పుడు పోలీసు ఉద్యోగానికి మైదానంలో పరుగు పరీక్ష లేదు. నలభై రోజులు పరుగు వాచీ పెట్టుకుని ఎవరి ఊళ్లో వాళ్లు పరుగెత్తితే చాలు, అదే చూసి పైవాళ్లకి చెప్పేస్తుంది. ఒక్క రోజు తప్పినా ఉద్యోగం లేదు. ఆ పాడు వాచీ వచ్చాక నాకు స్థిమితం లేదు. మా అమ్మాయి పైడికి ఇవాళ నలభయ్యో రోజు. అన్నం వారుస్తూ, వంటింటి గోడ తెర మీద దాని వాచీ చుక్క కాలవ గట్టున పోతుంటే చూస్తున్నాను. ఉన్నట్టుండి గోడ చెప్పింది: "నాడి అందడం లేదు."

గిన్నె అక్కడే పడేసి పరుగెత్తాను. గట్టు మీద నా కూతురు నిక్షేపంగా నిలబడి ఉంది.

"పొద్దున్న నువ్వు చేతికి కట్టిన దిష్టితాడేనే అమ్మా. వాచీ కింద దూరింది. ఇవాళ్టి పరుగు చెల్లదట. ఎనిమిది లోపు మళ్లీ మొత్తం పరుగెత్తాలి."

"తాడు లేకుండా ఆ దిష్టికళ్ల సూరమ్మ ఇంటి ముందునుంచి ఎలా పోతావే?"

"కాలికి కట్టు తల్లీ, నీకో దండం."

కాలికి కట్టి ఇంటికొచ్చాను. చుక్క కదులుతోంది. నాడి కూడా అందుతోంది, నిమిషానికి నూట డెబ్బై. అంత వేగంగా కొట్టుకుంటే గుండె ఏమైపోతుంది? మళ్లీ చెప్పులు వేసుకున్నాను.