ఆమెన్ అన్న చేపలు

"బాపూ, చేపలకు వాక్యం చెప్తున్నవా?" అంది నా బిడ్డ అఖిల, గుమ్మంలో బ్యాగు దించుతూ.

దొరికిపోయాను. పరీక్షలకు జగిత్యాల పోతూ తన ఉప్పునీటి తొట్టిని వారం రోజులు నాకప్పగించింది. నీళ్లు తగ్గితే తొట్టి మీది గీత దాకా పోయమంది. రోజూ పొద్దున్నే ఆ తొట్టి ముందు నిలబడి ఆదివారం ప్రసంగం సాధన చేశాను. నేను గొంతు పెంచిన కొద్దీ రెండు చారల చేపలూ పైకొచ్చి నోళ్లు తెరిచేవి.

"సూడు బిడ్డా, మాటమాటకూ ఆమెన్ అంటున్నయ్."

ఆమె ఉప్పు కొలిచే గొట్టం ముంచి చూసింది. ముఖం మారింది. "ఏం నీళ్లు పోసినవ్?"

"ఉప్పు కలిపే పోసిన. ఉప్పు సారం పోవద్దని లేఖనంల లేదా?"

"ఆవిరైపోయేది నీళ్లే బాపూ, ఉప్పు ఏడికీ పోదు. అవి ఆమెన్ అంటలేవు, ఊపిరాడక సస్తున్నయ్."

సాయంత్రం దాకా ఇద్దరం గ్లాసుతో ఉప్పునీళ్లు తోడుతూ, మంచినీళ్లు మెల్లగా పోస్తూ కూర్చున్నాం. చివరికి చేపలు నోళ్లు మూసి, తొట్టంతా గింగిరాలు తిరిగాయి. వాటితో పాటు నేనూ గదిలో గంతులేశాను.

ఆదివారం కోరుట్ల సంఘంలో నరకాగ్ని గురించి ఎత్తుకున్నాను. గంట దాటింది. మొదటి వరుసలో నోళ్లు తెరుచుకున్నాయి. పదేళ్లుగా దాన్ని పరవశం అనుకున్నాను.

గ్రంథం మూసేసి, "డప్పు తియ్యుండ్రి, పాట పాడుదాం" అన్నాను.

అంతమంది ఒక్కసారిగా ఆమెన్ అనడం ఆ రోజే విన్నాను.