మంచులోంచి వచ్చిన ‘సరే’

వెనకటి ఆర్యుల తెగల్లో సభంతా “సరే” అంటేనే రాజయ్యేవాడని మా మేష్టారు చెప్పేవారర్రా! ఏటి ఒడ్డున ఒక ఆవుల మందలోనూ అదే పద్ధతి. తోడేళ్లనుంచి కాపాడతానని మాటిచ్చి రాజైంది ధవళం అనే ఎద్దు. తీరా రాజయ్యాక, అందరూ ప్రేమగా తెచ్చిచ్చే పచ్చగడ్డి మేస్తూ కదలడమే మానేసింది. ఆవులేమో ఒక్కొక్కటే మాయమవుతున్నాయి.

పొగమంచు కమ్మిన ఒక ఉదయం ధవళం మళ్లీ సభ పెట్టింది.

“ఇకమీదటా నేనే రాజుని, సరేనా?”

“సరే!” అని మంచులోంచి బోలెడు గొంతులు పలికాయి.

ముసలి చుక్కావు మంచులోకి తొంగి చూసింది. “నాయనా, మందలో మిగిలింది నువ్వూ నేనేగా! ఆ గొంతులెవరివి?”

“ఎవరివైతేనేం పిన్నీ, ఒప్పుకున్నారుగా!” అని మురిసిపోయింది ఎద్దు.

మంచు ఇంకా దగ్గరకొచ్చింది. దానికి కళ్లున్నాయి.