బూట్లు విప్పనివాడు

"బూట్లతో కార్పెట్ మీదికా! నిన్ననే కదండీ షాంపూ చేయించాను!"

జోసఫ్ మెట్ల దగ్గర ఆగిపోయాడు. బూట్ల నిండా మంచు, రోడ్డు మీద చల్లిన ఉప్పు. గరాజ్‌లో కారు ఆన్‌లో ఉంది. కూతురు ఎలీనా అప్పటికే బెల్ట్ పెట్టుకుని కూర్చుంది.

"ఒక్క నిమిషం విమలా. పైన ఒకటి మర్చిపోయాను."

"విప్పి వెళ్ళండి."

"ఈ లేసులు విప్పి మళ్ళీ కట్టేసరికి ఆరాధన అయిపోతుంది."

"అయితే మానేయండి. ఒక్క ఆదివారం అది లేకపోతే ప్రాణాలేం పోవు."

జోసఫ్ విసురుగా వెనక్కి తిరిగాడు. కారెక్కి చర్చికి బయలుదేరారు.

అతని కోటు లోపల రివాల్వర్ ఉంది.

అది అతని సరదా కాదు. ఎక్కడెక్కడో చర్చిల్లో కాల్పులని వార్తలు వచ్చాక, అమెరికాలో నోవై ఊళ్ళోని ఆ చిన్న తెలుగు సంఘం వెనక వరసలో తుపాకీతో ఒక మనిషి ఉండాలనుకుంది. అందరూ వీసాల మీద ఉన్నవాళ్ళే. తుపాకీ కొనగలిగే సిటిజన్ జోసఫ్ ఒక్కడే. "మీరే మా కావలి, బ్రదర్," అన్నాడు పాస్టర్ నతానియేల్.

షాపువాడు చిన్నది చాలన్నాడు. జోసఫ్ ఫార్టీఫోర్ మాగ్నమ్ అనే పెద్ద రివాల్వర్ ఎంచుకున్నాడు. "పెద్దదైతే చూడగానే ఎవడైనా ఆగిపోతాడు. కాల్చే పనే రాదు," అని భార్యకు చెప్పాడు.

మొదటిరోజు షూటింగ్ రేంజ్‌లో అది మోచేతిదాకా తన్నింది. రెండోరోజు కోచ్, జుట్టు నెరిసిన ఒకావిడ, అతనికి చెప్పకుండా తూటాల మధ్య ఒక ఖాళీ షెల్ పెట్టింది. ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. బ్యారెల్ మాత్రం కిందికి వంగింది.

"చూశావా? పేలకముందే భయపడుతున్నావు," అందావిడ. పక్క లేన్‌లో ఎవరో నవ్వారు. జోసఫ్ చెవులు వేడెక్కాయి.

ఆవిడ హోమ్‌వర్క్ ఇచ్చింది. సిలిండర్ నిండా ఖాళీ షెల్సే పెట్టుకుని, చెయ్యి కదలకుండా నొక్కడం నేర్చుకోవాలి. ఇక రోజూ డిన్నర్ అయ్యాక బేస్‌మెంట్‌లోంచి టిక్కు, టిక్కు. అసలు తూటాలు పిల్లకు అందకుండా పైన, బెడ్‌రూమ్ లాకర్‌లో ఉండేవి.

ఆ ఆదివారం అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు. ఆడవాళ్ళ తలల మీద కొంగులు. గుమ్మం బయట చెప్పులు, బూట్లు గుట్టగా పడి ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. హుడ్ వేసుకున్న అమెరికన్ కుర్రాడొకడు వెనక వరస దాటి, గబగబా పాస్టర్ వైపు నడిచాడు. చెయ్యి జాకెట్ లోపల ఉంది. కాళ్ళకు బూట్లు.

ఆ హాల్లోకి బూట్లతో ఎవరూ రారు. ప్రార్థనకు వచ్చినవాడు కాదు. జోసఫ్ లేచాడు.

కుర్రాడు జేబులోంచి కాగితం తీశాడు. "సారీ. ఈ నంబర్ తెల్ల వ్యాన్ ఎవరిది? లైట్లు ఆర్పలేదు."

వీళ్ళకు హాలు అద్దెకిచ్చిన అమెరికన్ల చర్చి కేర్‌టేకర్ అతను. వాళ్ళు బూట్లతోనే ప్రార్థన చేసుకుంటారు.

జనం కళ్ళు తెరిచేసరికి, ఆ కుర్రాడి వీపు వెనకాల జోసఫ్ చేతుల్లో రివాల్వర్ ఉంది. కుర్రాడు ఇటు తిరిగేలోపు అది కోటులోకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర జోసఫ్ తల ఎత్తలేదు.

"పాస్టర్‌గారు ఒకటే పొగడ్త," అంది విమల, పలావు వడ్డిస్తూ. "'చెయ్యి రాయిలా ఉందమ్మా, ఇంకొకరైతే కాల్చేసేవారు' అంటున్నారు."

"నేనేం చూడలేదు, కళ్ళు క్లోజ్ చేసుకున్నా," అంది ఎలీనా. "బట్ ప్రేయర్‌లో ఎవరో పెన్ క్లిక్ చేశారు మమ్మీ. సో రూడ్!"

జోసఫ్ కంచం పక్కకు జరిపాడు.

"ఆ రివాల్వర్ రేపే అమ్మేస్తున్నాను. ఇక కావలి ఉండను."

"అదేమిటండీ? బూట్లు చూసి పొరబడ్డారు. తీశారు, ఆగారు. అందులో సిగ్గుపడాల్సిందేముంది?"

"ఆగలేదు విమలా, నొక్కాను, తూటాలు పైనే ఉండిపోయాయన్న సంగతి టిక్కుమన్నాకే గుర్తొచ్చింది."