పక్క సీటు

"నా సీటేదిరా అన్నయ్యా?"

అన్నయ్య తలెత్తలేదు. "టర్బో ఇంజిన్ కదా, దాని గేర్‌బాక్స్ లావు. ఈ పాతకాలం స్పోర్ట్స్ కారేమో ఇరుకు. పక్క సీటు పీకేయక తప్పలేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్న షెడ్డులోనే ఇద్దరం మగ్గుతున్నాం. గేటు దాటితే కాళ్లు విరగ్గొడతానంటాడాయన. ఆయన వెంటపడినా అందుకోలేని బండి మనకుండాలని అన్నయ్యే అన్నాడు. ఆ మాట నమ్మి, పాత ఇంజిన్ దింపిన దగ్గర్నుంచీ గొడ్డుచాకిరీ చేశాను.

"అంటే నన్ను ఆయనకు వదిలేసి, నువ్వొక్కడివే చెక్కేస్తావన్నమాట!"

"అరవకే. నాన్న అన్నం తింటున్నాడు. ముందు కూర్చుని, క్లచ్ ఎలా ఉందో చెప్పు."

విసురుగా కూర్చున్నాను. వీపు వెనక దిండు పెట్టుకోనిదే నా పొట్టి కాళ్లకు ఏ బండిలోనూ పెడల్స్ అందవు. ఇందులో అందాయి. సీటు వెనక్కి జరపబోతే కదల్లేదు. బాగా ముందుకు లాగి, కదలకుండా వెల్డింగ్ చేసేశాడు.

తాటిచెట్టంత మనిషి, ఇందులో అన్నయ్యకు మోకాళ్లు కూడా పట్టవు.

"నాన్నకు నేను చెప్పుకుంటాలే," అంటూ తాళంచెవి నా ఒళ్లో పడేశాడు.

వెళ్లి గేటు బార్లా తీశాడు. తను మాత్రం లోపలివైపే నిలబడ్డాడు.