ఆదెమ్మ పెంచిన తంగేడు

సోమల పక్కన ఉన్న ఆ పల్లె చుట్టూ తంగేడు పొదలకు కొదవలేదు. మేకలు కూడా వాటికి మూతి పెట్టవు. అలాంటి పొదను పనిగట్టుకుని పెంచుతున్నది ఆదెమ్మ ఒక్కతే. అదీ మొగుడికి తెలియకుండా.

ఇంటి వెనక ఉన్న పొద అది. బియ్యం కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు అన్నీ దాని మొదట్లోకే. మొగుడు గంగప్ప మేకలు తోలుకుపోగానే ఎండు కొమ్మలు విరిచేది, మట్టి గుల్ల చేసేది, గుప్పెడు పెంటికలు వేసేది. 2002 వేసవిలో ఊరంతా మాడిపోతుంటే అది మాత్రం ఆకు వాడకుండా, పూత ఆగకుండా నిలబడింది.

ఆదెమ్మకు చెట్ల పిచ్చేమీ లేదు. ఉన్నది బోరు పిచ్చి. మేకలన్నీ అమ్మితే ఒక్క బోరు వేయించగలరు. గంగప్పకేమో అది గుట్ట కింద చేలో పడాలని. ఆదెమ్మకేమో ఇంటి వెనక పడాలని. చేలో పడితే తాగే నీళ్లకు మళ్లీ ఆమె నడుమే విరగాలి. భూమిలో నీళ్లెక్కడున్నాయో చూసే శంకరప్ప, ఎండల్లో ఏ పొద పచ్చగా ఉందో చూసి బోరుకు చోటు చెబుతాడని ఆమె వింది. ఇంకేం కావాలి!

"సూస్తివా, ఈ ఎండకి కూడా ఎంత పచ్చగా ఉండాదో!" అన్నాడు ఒకరోజు గంగప్ప.

"అవునా? నేను సూడనే లేదు," అంది ఆదెమ్మ, చేతి మట్టి కొంగుకు తుడుచుకుంటూ.

శంకరప్ప పుంగనూరు నుంచి భార్య బయ్యమ్మతో దిగాడు. అరవై దాటినా ఆవిడ చేయి వదలడు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన రెండో అరచేతిలో టెంకాయ. అది నిక్కి నిలబడిన చోట నీళ్లు పడతాయని పేరు.

గుట్ట కింద చేనంతా తిరిగారు. టెంకాయ కదల్లేదు. గంగప్ప మొహం మాడిపోయింది. దాహమేసి ఇంటికొచ్చారు. అప్పుడే బిందె దించుతున్న ఆదెమ్మను బయ్యమ్మ ఒకసారి చూసింది. తర్వాత ఇంటి వెనక్కి నడిచి, పొద దగ్గర ఆగింది.

"తంగేడు సూడయ్యా, ఎంత పచ్చగా ఉండాదో!"

"నేనూ అదే సూస్తాండా," అన్నాడు శంకరప్ప. టెంకాయ లేచి నిలబడింది. "ఈడేసుకో అప్పా బోరు."

మేకలు సంతకు పోయాయి. బోరు లారీ వచ్చింది. పొద్దున్నుంచీ ఒకటే దుమ్ము. పైపు దిగేకొద్దీ ఆదెమ్మకు తన అతితెలివే సంసారాన్ని ముంచిందని ఏడుపొచ్చింది. ఆమె మొక్కని దేవుడు లేడు. పొద్దు వాలుతుండగా దుమ్ము బురదయింది. బురద నీళ్లయింది. గంగప్ప తడిసి ముద్దయి గంతులేశాడు.

మర్నాడు ఆ దంపతులను భోజనానికి పిలిచారు. గంగప్ప శంకరప్ప కాళ్లకు మొక్కాడు. పెద్దాయన చూపే చూపని ఊరంతా పొగిడింది. ఆదెమ్మ మాత్రం బయ్యమ్మను పక్కకు పిలిచింది.

"అమ్మా, తప్పైపాయ. ఆ పొదకి దినామూ నీళ్లు పోసింది నేనే. పెద్దాయన కండ్లని మోసం చేస్తిని."

బయ్యమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఆయన కండ్లని నువ్వేం మోసం చేస్తావులేమ్మా, సూపు పోయి శానా ఏండ్లాయ, యాడ నిలబడాల్నో సెప్పేది నేను, బిందె మోసే ఆడది కనిపించిన ఇంటికాడే నిలబెడతా!"