పాత బెంచీల గదిలో అక్క

"ఆ బొమ్మ నువ్వు తీస్తవా, నన్నే చింపమంటవా?" అంది హేమ్లి.

కూతురు కళ్యాణి గోడకు అడ్డంగా నిలబడింది. విరిగిన బెంచీలు కుక్కిన ఆ కాలేజీ గదిని పిల్లలే ఊడ్చి, సున్నం వేసి, తాము గీసిన బొమ్మలు తగిలించిన మొదటిరోజు అది. కళ్యాణి తన అక్క ఉషారాణిని గీసింది. వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుని దమ్మపేట వెళ్లిపోయిన ఆ అక్క పేరు ఇంట్లో ఎత్తడానికి లేదు.

"అది మాకు సచ్చిపోయింది. దాన్ని తెచ్చి అందరికి చూపిస్తున్నవా?"

"ఇందుకే ఈ గది ఇవ్వొద్దన్నాను," అన్నాడు గుమ్మంలో తాళంతో నిలబడ్డ లెక్చరర్ వెంకటప్పయ్య. "మీ ఇంటి గొడవలకా ఇది? నడవండి, తాళం వేస్తున్నా."

హేమ్లి కూతుర్ని పక్కకు నెట్టి చెయ్యెత్తింది. ఆ చెయ్యి కాగితాన్ని చింపలేదు. బొమ్మ మెడ చుట్టూ వాలింది. గోడకు నుదురానించి ఆమె రాగం తీసి ఏడవసాగింది.

"చచ్చినవాళ్ల కోసం శోకాలు కూడా ఇక్కడేనా?" అన్నాడు వెంకటప్పయ్య.

కళ్యాణి అతని వైపు తిరిగింది. ఆ రాగం ఆమెకు తెలుసు.

"సచ్చినోళ్లకు కాదు సార్. మా తండాల సొంతోళ్లు చాన్నాళ్లకు ఇంటికొస్తే, ఆడోళ్లు మెడ పట్టుకొని గిట్లనే ఏడుస్తరు."

తాళం వెంకటప్పయ్య చేతిలోనే ఉండిపోయింది.

హేమ్లి ముఖం తుడుచుకుని కూతురి మీద మళ్లీ గయ్యిమంది.

"గట్ల చూస్తవేందే? దమ్మపేట బస్సు యాడ ఆగుతది?"