ఆదివారం చారు

“హెడ్స్ లెక్కపెడతావా? అదేం ఉద్యోగమోయ్?” అన్నారు ఉమామహేశ్వరరావుగారు.

టీవీలో క్రికెట్ హోరు. వాసుదేవరావు అన్నది ఎయిడ్స్. ఆ పెద్దాయన చెవిన పడింది హెడ్స్. జనాభా లెక్కలు కాబోలనుకుని, కిందటిసారి తన ఇంటికి ఎవరూ రాలేదని ఫిర్యాదు కూడా చేశారు.

“తలలు కాదంకుల్, తలరాతలు,” అన్నాడు వాసుదేవరావు.

సిడ్నీ శివారు గిరావీన్‌లో అతని ఇంటికి ఆదివారం భోజనానికి చేరిన తెలుగువాళ్ళంతా నవ్వారు. అది హెడ్స్ కాదు, ఎయిడ్స్ అని విడమరిచి చెప్పాక నవ్వులు సద్దుమణిగాయి. ఒకావిడ అతను అందించిన మంచినీళ్ళ గ్లాసు తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

వాసుదేవరావుది లెక్కల బతుకు.

సిడ్నీ ఆసుపత్రుల నుంచి ఆరోగ్యశాఖలో అతని బల్ల మీదికి వారం వారం కాగితాలు వస్తాయి. ఎందరికి సోకింది, ఎందరు పోయారు. పేర్లుండవు, ఉండకూడదని రూలు. వయసు, పేట, ఆడో మగో, అంతే. అవన్నీ కూడి పైకి పంపాలి. అప్పటికి ఆ రోగానికి మందు లేదు, ఆ లెక్కకు తీసివేత లేదు.

‘మగ, ఇరవై తొమ్మిది’ అని కనిపిస్తే చాలు, అతని కలం ఆగిపోయేది.

తమ్ముడు భార్గవ్ వయసు అది.

పెళ్ళి సంబంధం తెస్తే, తాను ఒక మగవాడితో కలిసి బతుకుతున్నానని చెప్పాడు భార్గవ్. ఎవరని కూడా అడక్కుండా, మళ్ళీ గడప తొక్కొద్దన్నాడు అన్న. తమ్ముడు తొక్కలేదు. మరిదిని కొడుకులా పెంచిన కళావతి భర్తతో చాలాకాలం ముభావంగా ఉండి, చివరికి మరిది ఊసు అడగడం మానేసింది.

ఎక్కడున్నాడో తెలియదు. అసలు ఉన్నాడా అన్న ప్రశ్న వాసుదేవరావును లోపల్లోపల కొరుక్కు తినేది. కనుక్కుందామంటే పరువు అడ్డం. బయటివాళ్ళకు మాత్రం డార్విన్‌లో గవర్నమెంటు ఉద్యోగమని చెప్పాడు. ఊరు డార్విన్ కదా, మావాడు పరిణామం చెందుతున్నాడని పైనుంచి ఓ జోకు.

ఆ ఆదివారాలకే ఈమధ్య బెన్‌హర్ అనే మనిషి రావడం మొదలుపెట్టాడు. తెనాలి అవతల ఏదో ఊరు, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. ఎవరు పిలిచారో ఎవరికీ తెలియదు. రెండు ముద్దలు తిని, సంచీలోంచి స్టీలు క్యారేజీ తీసేవాడు.

“వదినగారూ, మిరియాల చారు కొంచెం పోస్తారా? ఘాటు తగ్గించి. అన్నం కాస్త మెత్తగా.”

అందరూ అతన్ని ఆటపట్టించారు. నాటకాల్లో చేరాల్సినవాడు మన వంటింట్లో పాత్రధారి అయ్యాడన్నాడు వాసుదేవరావు. ఆ పేరే స్థిరపడిపోయింది. వారానికి సరిపడా మూట కడుతున్నాడని ఒకరు, వండిపెట్టే పెళ్ళాం వచ్చేదాకా ఇంతేనని ఇంకొకరు. బెన్‌హర్ నవ్వి ఊరుకునేవాడు.

ఒక ఆదివారం మాత్రం, చేతిలో క్యారేజీ పట్టుకుని, ఉన్నట్టుండి అడిగాడు.

“మీ తమ్ముడుగారికి ఒంట్లో బాగాలేదంటే వెళ్ళి చూస్తారాండీ?”

వాసుదేవరావు గుండె జారింది. కానీ చుట్టూ నలుగురూ వింటున్నారు. గుండె కంటే ముందు పరువే నోరు తెరిచింది.

“వాడికేమయ్యా, డార్విన్‌లో గుండ్రాయిలా ఉన్నాడు.”

బెన్‌హర్ క్యారేజీ మూత బిగించుకుని వెళ్ళిపోయాడు.

చలికాలం వచ్చింది. ఆఫీసులో కాగితాలు కట్టలయ్యాయి. వాసుదేవరావు చేతికి చావు అలవాటైంది. ఇరవై తొమ్మిది కనిపించినా కలం ఆగడం మానేసింది.

ఓ ఆదివారం బెన్‌హర్ ఉత్తచేతులతో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చారు తీసి ఉంచానని కళావతి చెబితే, ఇక అక్కర్లేదన్నాడు.

“ఏం పాత్రధారీ, నాటకం అయిపోయిందా?” అన్నాడు వాసుదేవరావు.

“అయిపోయిందండీ.”

ఆ గొంతు విని ఎవరో టీవీ కట్టేశారు.

“ఆ చారు నేనెప్పుడూ తాగలేదండీ. అతని నోరంతా పుళ్ళు. ఇంకేదీ గొంతు దిగేది కాదు. వదినగారి చారు ఒక్కటే దిగేది. గురువారం అదీ దిగలేదు.”

“ఎవరికి?” అంది కళావతి. అనేటప్పటికే నేల మీద కూలబడింది.

“భార్గవ్‌కండీ. డార్విన్‌లో కాదు. ఇక్కడే, సిడ్నీలోనే.”

వాసుదేవరావుకు శుక్రవారం వచ్చిన మరణాల కాగితం గుర్తొచ్చింది. మగ, ఇరవై తొమ్మిది. తన చేత్తోనే కూడాడు. కూడి, టీ తాగడానికి లేచాడు.

“ఒక్క మాట చెప్పలేకపోయావా?” అన్నాడు.

“మీ అంతట మీరు అడిగితేనే చెప్పమని ఒట్టు వేయించుకున్నాడండీ. అడుగుతారేమోనని ప్రతి ఆదివారం వచ్చేవాణ్ణి.”

ఉమామహేశ్వరరావుగారికి మాత్రం ఇంకా తికమక తీరలేదు. ఆ అబ్బాయి ఎక్కడుండేవాడని అడిగారు. మా ఇంట్లోనేనండీ అన్నాడు బెన్‌హర్. అయితే అద్దెకుండేవాడన్నమాట అని పెద్దాయన తల ఊపారు.

బెన్‌హర్ తల దించుకున్నాడు.

వాసుదేవరావు లేచి వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు.

“అద్దెకు కాదంకుల్,” అన్నాడు అందరికీ వినబడేలా, “మా తమ్ముణ్ణి ఓ ఇంటివాణ్ణి చేసిన మనిషి ఇతనే.”